ఆకులో గీత గీసిందెవరు?

కొత్తగా చిగురించిన నిమ్మకొమ్మ నుంచి ఒక లేత ఆకు తుంచి వెలుతురుకు పట్టి చూస్తే, వెండి రంగు గీత ఒకటి ఆకంతా మెలికలు తిరిగి కనిపిస్తుంది. పక్క మడిలోని టమాటా ఆకు మీద కూడా ఇంచుమించు అలాంటి తెల్లగీతే ఉంటుంది. రైతులు రెండింటినీ పాముపొడ అనే అంటారు. చూపుకు ఒకేలా ఉన్నా, ఆ గీతలు గీసిన జీవుల మధ్య చుట్టరికమే లేదు. టమాటా ఆకులో దాగింది ఈగ పిల్ల. నిమ్మ ఆకులో దాగింది రాత్రిపూట తిరిగే చిమ్మట పిల్ల.

ఈ తేడా కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆకు, వెలుతురు, పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే చాలు. పురుగు వెళ్లిపోయాక కూడా అది తిన్న దారి, వేసిన మలం, బయటపడిన రంధ్రం ఆకు మీద మిగిలే ఉంటాయి. వాటిని వరుసగా పరిశీలించడం అలవాటైతే, చెట్టు మీద కనిపించే ప్రతి గీతనూ ఈగకు అంటగట్టే పొరపాటు తప్పుతుంది. చెట్ల విషయంలో ఆ పొరపాటుకు ఆస్కారం మరీ ఎక్కువ.

రెండు పొరల మధ్య కాపురం

ఎంత పల్చటి ఆకుకైనా పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో పచ్చటి కండ ఉంటాయి. పై పొరలను చీల్చకుండా లోపలి కండను మాత్రమే తింటూ పెరిగే వాటిని ఆకు తొలిచే పురుగులు అంటారు. కండ పోయిన చోట ఖాళీ ఏర్పడి ఆ మేర ఆకు తెల్లబడుతుంది. గీత సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది, ఎందుకంటే తింటున్నకొద్దీ పురుగూ లావెక్కుతుంది. సన్నటి కొస గుడ్డు పొదిగిన చోటు, వెడల్పాటి కొస పురుగు చివరిగా తిన్న చోటు. కొన్ని పురుగులు గీతలా సాగకుండా ఒకేచోట చుట్టూ తింటూ పోతాయి. అప్పుడు ఆకు మీద పొక్కు లాంటి మచ్చ ఏర్పడుతుంది.

ఇలా బతికే కీటకాలు పది వేల రకాలకు పైనే ఉన్నాయి. అవన్నీ నాలుగు వర్గాల్లో ఒకదానికి చెందుతాయి: ఈగలు, చిమ్మటలు, పెంకు పురుగులు, కందిరీగలకు బంధువులైన సాఫ్లైలు. వరిని పీడించే హిస్పా పెంకు పురుగుల వర్గానిది. పెద్ద పురుగు ఆకును గీకి తెల్ల చారలు తెస్తే, దాని పిల్ల ఆకు పొరల మధ్య దూరి తింటుంది. చలి దేశాల్లో బర్చ్ చెట్ల ఆకులకు పొక్కులు తెచ్చేవి సాఫ్లైలు. శ్రీకాకుళం జిల్లా పలాస వైపు విరివిగా పండే జీడిమామిడి విషయానికొస్తే, లేత ఆకుల పై పొర ఉబ్బి బూడిదతెలుపు పొక్కులు లేచాయంటే అది ఆక్రోసెర్కాప్స్ అనే చిమ్మట పని.

ఈగల్లో ఈ విద్యకు పేరుపడ్డ కుటుంబం అగ్రోమైజిడే. ప్రపంచంలో ఈ కుటుంబానికి దాదాపు 3,000 జాతులు ఉన్నాయి. చాలావాటి పొడవు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. కంది రైతులకు బాగా తెలిసిన కాయ ఈగ ఈ కుటుంబంలోదే, అయితే అది ఆకుల జోలికి పోకుండా కాయలోని గింజల్లో పెరుగుతుంది. ఈ కుటుంబంలో అత్యధికం కూర మొక్కలు, పూల మొక్కలు, గడ్డి జాతులను నమ్ముకున్నవే. చెట్లను ఆశ్రయించినవి కొద్ది. అందుకే చెట్టు ఆకు మీద గీత కనిపించినప్పుడు ముందుగా అనుమానించాల్సింది చిమ్మటను. ఈగ అని చెప్పాలంటే అందుకు ఆధారం ఆకులోనే చూపించాలి.

ముందు చెట్టు పేరు

గుర్తింపులో మొదటి మెట్టు ఆ చెట్టేమిటో కచ్చితంగా తెలుసుకోవడం. ఆకు తొలిచే ఈగలు తిండి విషయంలో మహా పట్టుదల గలవి. చాలా జాతులు ఒకే రకం మొక్కనో, దాని దగ్గరి బంధువులనో తప్ప మరొకదాన్ని ముట్టవు. బ్రిటిష్ శాస్త్రవేత్త కెనెత్ స్పెన్సర్ జీవితమంతా ఈ ఈగల మీదే పనిచేసి, ఏ ఈగ ఏ మొక్క మీద బతుకుతుందో ప్రపంచ స్థాయిలో లెక్క తేల్చిన గ్రంథాన్ని 1990లో వెలువరించారు. ఏ మొక్క దొరికితే ఆ మొక్కను తినే జాతులు ఆ లెక్కలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే తేలాయి. అంతకు ముందే జర్మన్ శాస్త్రవేత్త ఎరిక్ మార్టిన్ హెరింగ్ యూరప్ మొక్కల ఆకుల్లో కనిపించే సొరంగాలన్నిటినీ మొక్కల పేర్ల వారీగా అమర్చి, 1957లో గుర్తింపు పట్టికలు ప్రచురించారు. మొక్క పేరు తెలిస్తే అనుమానితుల జాబితా వందల నుంచి నాలుగైదుకు దిగుతుంది. ఒక్కోసారి ఒక్కటే మిగులుతుంది.

ఒక్కటే మిగలడానికి మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లోని హాలీ చెట్టు. క్రిస్మస్ అలంకరణల్లో కనిపించే ముళ్ల అంచుల నిగనిగలాడే ఆకు దానిదే. ఆ ఆకు మీద పసుపు, గోధుమ రంగులు కలిసిన పొక్కు కనిపిస్తే ఫైటోమైజా ఐలిసిస్ అనే ఈగ పేరు ధైర్యంగా చెప్పేయవచ్చు, ఎందుకంటే బ్రిటన్‌లో హాలీ ఆకును ఇలా తొలిచే కీటకం మరొకటి లేదు. అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్తే అక్కడి హాలీ వేరే జాతి. దాని ఆకుల్లో మెలికల గీతలు గీసే ఈగ కూడా ఫైటోమైజా ఐలిసికోలా అనే మరో జాతి. చెట్టు మారితే ఈగా మారుతుంది.

గీతలోని నల్ల చుక్కలు

చెట్టు పేరు తేలాక చూడాల్సింది సొరంగం లోపలి మలాన్ని. ఆకును సూర్యుడి వైపు ఎత్తి పట్టుకుంటే గీత లోపల నల్లటి చుక్కలో, సన్నటి నల్లగీతో కనిపిస్తుంది. ఈగనూ చిమ్మటనూ విడదీసే అతి సులువైన ఆనవాలు ఇదే.

ఈగ పిల్లకు కాళ్లుండవు, స్పష్టమైన తలకాయా ఉండదు. నోటి దగ్గర కొడవలిలా వంగిన నల్లటి కొక్కేలు మాత్రం ఉంటాయి. ఆకు పొరల మధ్య అది పక్కకు తిరిగి పడుకుని, కొక్కేలను అటూ ఇటూ ఆడిస్తూ కండను గీకి తింటుంది. కాసేపు ఒక పక్కన, కాసేపు మరో పక్కన ఒత్తిగిల్లుతుంది. దాంతో మలం సొరంగం కుడి అంచున కొంత, ఎడమ అంచున కొంత పడుతూ పోతుంది. మొత్తం మీద రెండు అంచుల వెంబడీ రెండు వరుసలు ఏర్పడతాయి. చిమ్మట పిల్ల అలా కాదు. అది బోర్లా పడుకుని తింటుంది కాబట్టి, మలం సాధారణంగా సొరంగం నడిమధ్య ఒకే నల్లగీతగా మిగులుతుంది. నిమ్మ ఆకులో కనిపించేది ఈ నడిమి గీతే. టమాటా ఆకులో కనిపించేవి అంచుల వెంబడి వరుసలు.

ఈ ఒక్క ఆనవాలు మీదే తీర్పు చెప్పకూడదు. పొక్కులా విస్తరించిన మచ్చలో మలం ఎటుపడితే అటు చెదిరిపోతుంది, వరుసలు దొరకవు. అలాంటప్పుడు పురుగునే చూడాలి. సన్నని సూదితో పై పొరను మెల్లగా లేపి భూతద్దంతో చూస్తే, ఈగ పిల్ల పసుపు తెలుపు కలిసిన మెత్తని ముద్దలా ఉండి, ముందు కొసన చర్మంలోంచి నల్లని కొక్కెం కనిపిస్తుంది. చిమ్మట పిల్లకైతే గోధుమ రంగు తలకాయ, దవడలు ఉంటాయి. ఛాతీ దగ్గర మూడు జతల కాళ్లు కూడా కనిపిస్తే సాఫ్లై, పెంకు పురుగుల వైపు కూడా ఆలోచించాలి.

పురుగు వెళ్లిపోయి ఉంటే మరో ఆధారం ఉంది. పట్టుదారం అల్లడం ఈగ పిల్లకు రాదు. దాని చర్మమే గట్టిపడి చిన్న పీపా ఆకారంలో గూడవుతుంది. టమాటాను పట్టే ఈగ పిల్ల తిండి ముగిశాక ఆకు పొరను అర్ధచంద్రాకారంలో కోసుకుని బయటికొచ్చి, మట్టిలో పడి అక్కడ గూడుగా మారుతుంది. నిమ్మ చిమ్మట పిల్ల ఆకు అంచును పట్టుదారంతో లోపలికి మడిచి ఆ మడతలో నిద్రపోతుంది. నిమ్మ ఆకు అంచులు ముడుచుకుపోవడానికి ఈ దారమే కారణం.

గుడ్డు పెట్టక ముందు కూడా ఈగ తన జాడ వదులుతుంది. ఆడ ఈగ గుడ్లు పెట్టే సూదితో ఆకును పొడిచి, ఊరిన రసాన్ని తాగుతుంది. ఒక్క ఆకు మీదే ఇలాంటి తెల్లటి చుక్కలు పదుల సంఖ్యలో ఉంటాయి. గుడ్లుండేది వాటిలో కొన్నింటిలోనే. మగ ఈగకు సూది లేదు కనుక ఆడది పొడిచిన రంధ్రాల దగ్గరే రసం తాగుతుంది. ఉత్తర అమెరికాలో ఓక్ చెట్లను ఆశ్రయించిన జపానగ్రోమైజా విరిడ్యులా ఈగ ఇంకా విడ్డూరమైన గుర్తు మిగులుస్తుంది. విచ్చుకోని చిగురులో అది పొడిచిన చిన్న గాట్లు ఆకుతోపాటు పెరిగి, చివరికి గుండ్రటి రంధ్రాలవుతాయి. ఆకును ఎవరో సూదిమేకులతో పొడిచారేమో అనిపిస్తుంది.

హాలీ ఆకు మీద నాలుగు ముగింపులు

హాలీ ఆకులు ఏళ్ల తరబడి రాలకుండా నిలుస్తాయి. అందుకని లోపల ఈగ పిల్లకు ఏం జరిగిందో కూడా ఆకు మీద చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. ఇంగ్లండ్‌లో బడిపిల్లలకు జీవావరణ శాస్త్రం నేర్పడానికి ఈ ఆకునే పాఠంగా వాడతారు.

వేసవి మొదట్లో ఆడ ఈగ లేత హాలీ ఆకు అడుగున, మధ్య ఈనెలో గుడ్డు పెడుతుంది. పిల్ల మొదట ఈనెలోనే తిని, ఆకురాలు కాలానికి ఆకు కండలోకి పాకుతుంది. చలికాలమంతా అక్కడే తింటూ పొక్కును పెద్దది చేస్తుంది. వసంతంలో ఆకు లోపలే గూడుగా మారి, మళ్లీ వేసవి మొదట్లో ఈగై బయటికొస్తుంది. ఏడాదికి ఒకే తరం.

ఒక హాలీ కొమ్మ నుంచి పొక్కులున్న ఆకులు కోసి పరిచి చూస్తే నాలుగు రకాల ముగింపులు కనిపిస్తాయి. పొక్కు మీద త్రికోణంలా చిరిగిన గాటు ఉంటే నీలి టిట్ వంటి చిన్న పిట్ట పొడిచి పురుగును తినేసింది. సూదిమొనంత రంధ్రం ఉంటే, ఈగ పిల్లను తిని పెరిగిన చిన్న కందిరీగ బయటికి వచ్చింది. క్రైసోకారిస్ జెమ్మా అనే కందిరీగ ఇలా బతికే వాటిలో ముఖ్యమైనది. అంతకన్నా పెద్ద గుండ్రటి రంధ్రం ఈగ క్షేమంగా ఎగిరిపోయిందనడానికి గుర్తు. ఏ రంధ్రమూ లేకపోతే పురుగు లోపలే చనిపోయి ఉండాలి, లేదా ఇంకా బతికే ఉండాలి. పరిశోధకులు ఇలా వేలాది ఆకులు లెక్కించి, ఒక తోటలో ఎన్ని ఈగలు బతికి బట్టకట్టాయో, ఎన్ని పిట్టల పాలయ్యాయో, ఎన్ని కందిరీగల పాలయ్యాయో చెప్పగలుగుతున్నారు.

ఈ లెక్క పంటకూ పనికొచ్చింది. కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియాలో క్రిస్మస్ అమ్మకాల కోసం హాలీ తోటలు వేశారు. యూరప్ నుంచి ఈ ఈగ అక్కడికి చేరి, మచ్చలు పడ్డ కొమ్మలకు ధర లేకుండా చేసింది. 1930ల్లో ఇంగ్లండ్ నుంచి దాని శత్రువులైన కందిరీగలను తెప్పించి ఆ తోటల్లో వదిలారు. ఏ ఈగో కచ్చితంగా తెలిసింది కాబట్టే దాని శత్రువు ఏదో వెతకడం సాధ్యమైంది.

రాతిలో మిగిలిన ఆకు

సొరంగంలోని మలం వరుసలు ఎంత నమ్మదగినవో చెప్పే సాక్ష్యం అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో దొరికింది. మెక్సికన్ హ్యాట్ అనే చోట శిలాజాలుగా మారిన ఆకుల్లో, కశ్మీర్ చినార్‌కు దూరపు పూర్వీక బంధువైన ప్లాటనస్ చెట్టు ఆకులు ఉన్నాయి. వాటిపై మెలికల గీతలున్నాయి. పురుగు లేదు, ఈగ లేదు, మిగిలింది గీత మాత్రమే. 2010లో ఐజాక్ వింక్లర్, కాన్రాడ్ లాబండీరా తదితరులు ఆ గీతల్లోని మలం అమరికను పరిశీలించి అది అగ్రోమైజిడే కుటుంబపు ఈగ పనేనని నిర్ధారించారు. ప్రాణి దొరకలేదు కాబట్టి ఆ సొరంగానికే ఫైటోమైజైట్స్ బిలియాప్‌చెన్సిస్ అని పేరుపెట్టారు. ఆ రాతి వయసు సుమారు 6 కోట్ల 40 లక్షల సంవత్సరాలు. అంటే డైనోసార్లు అంతరించిన కొద్దికాలానికే ఈ ఈగలు చెట్ల ఆకుల్లో సొరంగాలు తవ్వుతున్నాయి.

ఎండబెట్టి దాచిన ఆకులు కూడా ఇలాంటి సంగతులు చెబుతాయి. యూరప్‌లో హార్స్ చెస్ట్‌నట్ చెట్లను వేసవికే ఎర్రబార్చే కామెరారియా ఓహ్రిడెల్లా అనే చిమ్మటను మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర 1980ల్లో గమనించి, 1986లో పేరుపెట్టారు. 2002కి అది లండన్ చేరింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు మొక్కల భాండాగారాల్లో దొరికింది. 1879లో గ్రీస్‌లో కోసి, కాగితాల మధ్య నొక్కి భద్రపరచిన చెస్ట్‌నట్ ఆకుల్లో ఆ చిమ్మట పిల్లలు అలాగే ఉండిపోయాయి. వాటి డీఎన్‌ఏ సాయంతో, ఈ పురుగు బాల్కన్ ప్రాంతంలో వందేళ్ల కిందటే ఉందని 2011లో శాస్త్రవేత్తలు చూపించారు.

హైదరాబాద్‌లో పట్టుబడ్డ ఈగ

తెలుగు నేలకు ఈ కుటుంబంతో గట్టి సంబంధమే ఉంది. టమాటా, చిక్కుడు, దోస, పత్తి ఆకుల్లో గీతలు గీసే లిరియోమైజా ట్రైఫోలీ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. చామంతి కొమ్మలతోపాటు ఈ దేశంలోకి ప్రవేశించిందని చెబుతారు. ఈగ గుడ్డు ఆకు కండలోనే ఉంటుంది కాబట్టి, ఓడరేవులోనో విమానాశ్రయంలోనో పైపైన చూసి దాన్ని పట్టుకోవడం కష్టం. 1990–91 ప్రాంతంలో హైదరాబాద్ దగ్గర ఆముదం పంట మీద ఇది మన దేశంలో మొదటిసారి నమోదైంది. ఇది ఒకే మొక్కకు కట్టుబడని అరుదైన జాతుల్లో ఒకటి. అందుకే కొద్ది ఏళ్లలోనే దేశమంతా పాకింది.

పెద్ద ఈగను గుర్తుపట్టడం కొంత సులువు: రెండు మిల్లీమీటర్ల పొడవు, పసుపు తల, నల్లని వీపు, వీపు చివర రెక్కల నడుమ పసుపు మచ్చ. అయితే దీనికి దగ్గరి బంధువులు కూడా ఇలాగే ఉంటాయి. జాతి పేరు కచ్చితంగా చెప్పాలంటే నిపుణులు మగ ఈగ జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆగ్రాలోని సెయింట్ జాన్స్ కాలేజీ నుంచి 1973లో సింగ్, ఐప్ వెలువరించిన భారతీయ అగ్రోమైజిడే గ్రంథం కూడా ఆ పద్ధతినే అనుసరించింది.

దేశంలో చెట్ల మీద ఈగ పనికి ఉదాహరణ టీ. కత్తిరించకుండా వదిలేస్తే టీ మొక్క చెట్టే అవుతుంది. దాని ఆకు పైభాగాన వెండి రంగు మెలికల గీతలు తెచ్చేది ట్రోపికోమియా థియే అనే నల్లటి ఈగ. నిమ్మ ఆకు గీతను గుర్తుకు తెచ్చే ఈ గీతను చూసి చిమ్మట అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ ఆకు లోపల పట్టుగూడుందా, పీపా లాంటి గూడుందా అన్నదే తేలుస్తుంది.

ఆకులోకి పోకుండా చెట్టు మానులోనే తిరిగే అగ్రోమైజిడే ఈగలూ ఉన్నాయి. ఫైటోబియా ప్రజాతి పిల్లలు బెరడుకు లోపల, కొత్త కలప పెరిగే పొరలో పొడవాటి సొరంగాలు తవ్వుతాయి. ఆ గాయం మానాక, బర్చ్, మేపుల్, చెర్రీ కలపను కోసినప్పుడు గోధుమ రంగు మచ్చలు బయటపడతాయి. ఆ మచ్చలు ఈగవని వడ్రంగులకు తట్టదు.

గుర్తించాక ఏం చేయాలి?

నిమ్మ చిమ్మట విషయమే తీసుకుంటే, అది లేత ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. ముదిరిన ఆకు మీద కనిపించే గీత పాతది, అందులో పురుగు ఉండదు. కాబట్టి ముదురు ఆకులపై మందు చల్లడం డబ్బు దండగ. గమనించాల్సింది కొత్త చిగురును. నెల్లూరు వైపు గూడూరు నిమ్మతోటల్లోనూ, నల్లగొండ బత్తాయి తోటల్లోనూ ఈ చిమ్మటతో పాటు వచ్చే పెద్ద కష్టం గజ్జి తెగులు. చిమ్మట పిల్ల తొలిచిన గాయాల్లోంచి గజ్జి బ్యాక్టీరియా సులువుగా లోపలికి చేరుతుంది. లేత ఆకుల కాలంలో పురుగును అదుపు చేస్తే గజ్జి దారి కూడా కొంత మూసుకుంటుంది.

ఈగ విషయంలో తొందరపాటు ఇంకా ఖరీదైనది. లిరియోమైజా పిల్లలను తినే చిన్న కందిరీగలు పొలంలో సహజంగానే ఉంటాయి. ఏ పురుగైనా చస్తుందని బలమైన మందు విచ్చలవిడిగా కొడితే ముందు చచ్చేవి అవే. ఆకు లోపల దాగిన ఈగ పిల్ల బతికిపోయి, శత్రువు లేని పొలంలో సంతతి పెంచుకుంటుంది. పలు దేశాల్లో ఈ ఈగ పెద్ద బెడదగా మారడానికి ఒక కారణం ఇలాంటి పిచికారీలేనని పరిశోధకులు తేల్చారు.

ఆకులో పురుగు ఉందని తెలిసీ పేరు తేలకపోతే సీసాలో పెంచి చూడవచ్చు. గీత ఉన్న ఆకులు నాలుగైదు కోసి, మూతకు చిన్న రంధ్రాలున్న సీసాలో, అడుగున కొద్దిగా తడిపిన కాగితం వేసి, ఎండ తగలని చోట పెట్టాలి. కాగితం నీళ్లోడేంత తడిగా ఉంటే ఆకు బూజు పడుతుంది. టమాటా ఆకైతే కొద్ది రోజుల్లో అడుగున గోధుమ రంగు పీపాలు రాలతాయి, వారం పది రోజుల్లో వాటిలోంచి ఈగలు వస్తాయి. వచ్చిన ఈగను వెంటనే చంపకుండా ఒక రోజు ఉంచితే ఒళ్లు గట్టిపడి రంగులు స్పష్టమవుతాయి. నిమ్మ ఆకైతే మడతలోంచి వెండి రెక్కల కొసన నల్లచుక్క ఉన్న బుల్లి చిమ్మట బయటపడుతుంది. ఒక్కోసారి రెండూ రాక, మెరిసే చిన్న కందిరీగ ఎగురుతుంది. ఆ తోటలో ఈ పురుగులను తినే శత్రువు పనిచేస్తోందని అర్థం, కనుక మందు డబ్బా తీసే ముందు ఇంకొన్ని ఆకులు కోసి చూడాలి.

ఏ పరిశోధకుడికైనా చూపించాలనుకుంటే ఆకు పైభాగం ఫొటో ఒకటి, అడుగుభాగం ఫొటో ఒకటి, వెలుతురుకు పట్టి తీసిన ఫొటో ఒకటి ఉండాలి. వాటితో పాటు చెట్టు పేరు, ఊరి పేరు, తేదీ రాసి పెట్టుకోవాలి. చెట్టు పేరు తెలియకపోతే పువ్వూ కాయా ఉన్న కొమ్మ ఫొటో కూడా తీయాలి, ఎందుకంటే నిపుణులు మొదట అడిగే ప్రశ్న చెట్టు గురించే.